లిస్ప్ ఇంటర్‌ప్రెటర్‌లో కాలం లెక్కలు: పదహారు దారులను ఒక్క దారి చేయడం

నల్లగొండ దగ్గర ఒక బత్తాయి తోట అనుకోండి. బోరు మోటర్ స్టార్టర్ డబ్బా పక్కన ఒక చిన్న బోర్డు ఉంది, దాంట్లో సీ భాషలో రాసిన లిస్ప్ ఇంటర్‌ప్రెటర్ (లిస్ప్ భాషలో రాసిన ఆదేశాలను చదివి నడిపే ప్రోగ్రామ్) నడుస్తోంది. కరెంటు వచ్చాక ఎన్ని సెకన్లు ఆగి మోటర్ వేయాలి, ఏ డ్రిప్ వాల్వు ఎంతసేపు తెరిచి ఉంచాలి, ఎప్పుడు బంద్ చేయాలి అనే నియమాలన్నీ లిస్ప్‌లోనే రాసి ఉంటాయి. ఈ పని మొత్తం కాలాన్ని కూడడం, తీసివేయడం, పోల్చడం మీదనే ఆధారపడుతుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా తోటలో నీళ్లు పారవు, లేదా పారుతూనే ఉంటాయి.

ఇలాంటి ఇంటర్‌ప్రెటర్లలో కాలం ఒక్క రూపంలో రాదు. బోర్డు గడియారం మిల్లీసెకన్లు ఇస్తుంది. గడియారపు చిప్‌లోని స్ఫటికం సెకనుకు 32768 సార్లు కొట్టుకుంటుంది. నియమాలు రాసేవాళ్లు ఒకచోట 5400 అని సెకన్లు రాస్తారు, ఇంకోచోట 0.1 అని దశాంశం పెడతారు. పాత లాగ్ ఫైళ్లలో సెకన్ల సంఖ్యను పైభాగం, కిందిభాగంగా విడగొట్టిన జాబితా కనిపిస్తుంది. ఈమ్యాక్స్ ఎడిటర్‌లోని లిస్ప్ వాడినవాళ్లకు ఈ జాబితా తెలిసిందే: (25939 61696) అంటే 25939 × 65536 + 61696, అంటే 1700000000 సెకన్లు (ఇలాంటి గడియారాలు 1970 జనవరి 1 నుంచి లెక్కిస్తాయి). చిన్న పూర్ణాంకాలతోనే సర్దుకోవాల్సిన పాత యంత్రాల కాలంలో పుట్టిన పద్ధతి అది.

అంటే రూపాలు నాలుగు: పూర్ణాంకం, ఫ్లోట్ (దశాంశ సంఖ్య), (1500 . 1000) లాంటి «దెబ్బలు . సెకనుకు దెబ్బలు» జత, పాత జాబితా. కూడే ఫంక్షన్‌కు రెండు ఇన్‌పుట్లు కాబట్టి జతలు పదహారు. కూడిక, తీసివేత, చిన్నదా, సమానమా అని నాలుగు ఫంక్షన్లు ఉన్నాయి కాబట్టి చూసుకోవాల్సిన దారులు అరవై నాలుగు. ఎవరూ అరవై నాలుగూ సరిగ్గా రాయరు. కొన్నిటిని ఫ్లోట్‌లోకి మార్చి తప్పించుకుంటారు, బగ్గులు అక్కడే కాపురం పెడతాయి. కోడ్‌ను సరళం చేయడం అంటే వరుసలు తగ్గించడం కాదు, రూపం గురించి నిర్ణయం తీసుకునే చోట్లను తగ్గించడం. లోపలికి వచ్చేటప్పుడు ఒకసారి, బయటికి పోయేటప్పుడు ఒకసారి. మధ్యలో ఒక్కటే రూపం.

1. కోడ్ ముట్టుకునే ముందు పరీక్షలు రాయండి

పాత కోడ్ ఇప్పుడేం చెబుతోందో ముందు రాసి పెట్టుకోండి, అందులో తప్పులున్నా సరే. తర్వాత మారిన ప్రతి జవాబుకూ కారణం చెప్పగలగాలి. కనీసం ఇవి ఉండాలి:

- (1500 . 1000), (49152 . 32768) సమానం. రెండూ ఒకటిన్నర సెకనే.
- «ఇప్పుడు» నుంచి «ఇప్పుడు» తీసేస్తే సరిగ్గా సున్నా.
- (-1 . 1000) అనేది సున్నా కంటే చిన్నది.
- 2147483647కు ఒకటి కలిపితే 2147483648 రావాలి, రుణ సంఖ్య రాకూడదు. 32 బిట్ల గడియారం నిండిపోయేది 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8:44:07కు.
- 9007199254740992, 9007199254740993, మొదటిదాని ఫ్లోట్ రూపం: ఈ మూడింటినీ ఏ క్రమంలో ఇచ్చినా సార్టింగ్ ఒకేలా రావాలి.
- (3 . 0), (3 . -5), నాన్ («సంఖ్య కాదు» అని చెప్పే ఫ్లోట్ విలువ), అనంతం: నాలుగూ ఎర్రర్.

చివరి నుంచి రెండోది చాలామంది వదిలేస్తారు, నిజానికి అన్నిటికంటే ఎక్కువ బయటపెట్టేది అదే. 64 బిట్ల ఫ్లోట్‌లో 53 బిట్ల కచ్చితత్వమే ఉంటుంది కాబట్టి 9007199254740993ను ఫ్లోట్ చేస్తే 9007199254740992 అవుతుంది. పాత పద్ధతిలో ఫ్లోట్‌తో పోల్చినప్పుడు ఆ రెండు పూర్ణాంకాలూ దానికి సమానమే, కానీ వాటిలో వాటికి సమానం కాదు. «అ = ఇ, ఆ = ఇ, అయినా అ < ఆ» అనే పోలిక చేతిలో పడితే ఏ సార్టింగ్ ఫంక్షన్ అయినా దారి తప్పుతుంది.

2. లోపలి రూపం: టిక్కులు, రేటు

లోపల ప్రతి కాలమూ రెండు పూర్ణాంకాలే. టిక్కులు అంటే ఎన్ని దెబ్బలు కొట్టిందో, రేటు అంటే సెకనుకు ఎన్ని దెబ్బలో. విలువ టిక్కులు ÷ రేటు. రేటు ఎప్పుడూ సున్నా కంటే పెద్దది, టిక్కులు రుణమైనా పరవాలేదు. ఈమ్యాక్స్ 2020లో వచ్చిన 27వ వెర్షన్‌లో ఇలాంటి జతనే ప్రవేశపెట్టింది. ఎంత పెద్ద పూర్ణాంకమైనా దాచుకోగలిగే బిగ్‌నమ్‌లు కూడా అదే వెర్షన్‌తో వచ్చాయి. అవి లేకుండా ఈ రూపం నిలవదు, ఎందుకో నాలుగో మెట్టులో కనిపిస్తుంది.

అన్నిటినీ నానోసెకన్లు చేసి ఒక 64 బిట్ల పూర్ణాంకంలో పెట్టేస్తే సరిపోదా అనిపించవచ్చు. 2 యొక్క 63వ ఘాతం నానోసెకన్లు అంటే దాదాపు 292 ఏళ్లు, 1970 నుంచి లెక్కేస్తే 2262 దాకా వస్తుంది. తోట కంట్రోలర్‌కు అది చాలు. కానీ 32768 రేటులో ఒక టిక్కు 30517.578125 నానోసెకన్లు. ప్రతి మార్పిడిలో ఆ తోక కత్తిరిస్తూ పోతే కూడిన మొత్తం అసలు గడియారంతో కలవదు. కంట్రోలర్ ఒక్కటే మీ లక్ష్యమైతే నానోసెకన్లతో ఆగిపోండి. నలుగురు వాడే భాషలో పెట్టాలంటే జతే పెట్టండి.

3. డీకోడర్: తనిఖీలన్నీ ఇక్కడే

లిస్ప్ విలువ తీసుకుని (టిక్కులు, రేటు) ఇచ్చే ఫంక్షన్ ఒక్కటే రాయండి. తప్పుడు ఇన్‌పుట్‌ను ఇక్కడే ఆపేస్తే లోపలి ఫంక్షన్లు దేన్నీ అనుమానించనక్కర లేదు.

పూర్ణాంకం వస్తే రేటు 1. జత వస్తే రెండూ పూర్ణాంకాలేనా, రేటు ధనమేనా చూడాలి. జతనూ జాబితానూ వేరు చేసేది రెండో భాగం: అది సంఖ్య అయితే జత, మరో కన్స్ గడి (లిస్ప్ జాబితాలను కట్టే రెండు భాగాల గడి) అయితే జాబితా. (1 . 2), (1 2) కంటికి దగ్గరగా కనిపిస్తాయి గానీ మొదటిది అర సెకను, రెండోది 65538 సెకన్లు. ఎర్రర్ సందేశంలో వచ్చిన విలువను యథాతథంగా చూపించండి, లేకపోతే ఈ తేడా పట్టుకోవడానికి పూటంతా పోతుంది.

ఫ్లోట్ దగ్గర కాస్త నిలబడాలి. ప్రతి ఫ్లోటూ ఒక పూర్ణాంకాన్ని 2 యొక్క ఏదో ఘాతంతో భాగించినదే, కాబట్టి దాన్ని జతగా మార్చడంలో ఒక్క బిట్ కూడా పోనక్కర లేదు. 0.1 లోపల నిజంగా ఉన్నది 3602879701896397 ÷ 36028797018963968. హారం 2 యొక్క 55వ ఘాతం. లవాన్ని పదితో గుణిస్తే 36028797018963970, హారం కంటే రెండు ఎక్కువ. అంటే ఫ్లోట్‌గా రాసిన 0.1 సెకను నిజమైన పదో వంతు కంటే పిసరంత పెద్దది, (1 . 10)తో పోలిస్తే సమానం రాదు. దీన్ని «సరిచేయాలని» రౌండింగ్ పెట్టొద్దు. రౌండ్ చేసిన మరుక్షణం పైన చెప్పిన సార్టింగ్ గొడవ తిరిగొస్తుంది. కచ్చితంగా వంద మిల్లీసెకన్లు కావాలంటే (100 . 1000) రాయాలని వాడుక పుస్తకంలో ఒక వాక్యం పెట్టండి. నాన్, అనంతం మాత్రం ఇక్కడే ఎర్రర్. నాన్ లోపలికి జారితే «చిన్నదీ కాదు, సమానమూ కాదు, పెద్దదీ కాదు» అనే విలువ వచ్చి మూడు జవాబుల పోలిక కూలిపోతుంది.

«ఇప్పుడు» అనే విలువకు ఒక నియమం: ఒక పిలుపులో గడియారాన్ని ఒక్కసారే చదవాలి. రెండు ఇన్‌పుట్లకూ విడివిడిగా డీకోడర్ పిలిచి, అది రెండుసార్లు గడియారం చూస్తే, «ఇప్పుడు»లోంచి «ఇప్పుడు» తీసేసినా కొన్ని వందల నానోసెకన్లు మిగులుతాయి. పరీక్ష ఒకరోజు నెగ్గుతుంది, ఒకరోజు ఓడుతుంది. పైఫంక్షన్‌లో ఒకసారి చదివి ఆ విలువను రెండు డీకోడింగులకూ అందించండి.

4. కూడిక, తీసివేత ఒకే ఫంక్షన్

ఇది తొమ్మిదో తరగతి భిన్నాల లెక్క కూడా కాదు, అంతకంటే కిందిదే: హారాలు సమానం చేసి లవాలు కూడడం. రేట్లు రెండూ ఒకటే అయితే (రోజువారీ పనిలో ఎక్కువసార్లు ఒకటే) నేరుగా కూడేయండి. వేరైతే గ.సా.భా. తీసి క.సా.గు.కు తీసుకురండి.

```
(నిర్వచించు (కాల-లెక్క గుర్తు అ ఆ)
  (ఒకవేళ (= (రేటు అ) (రేటు ఆ))
      (జత (గుర్తు (టిక్కులు అ) (టిక్కులు ఆ)) (రేటు అ))
      (అనుకో ((గ (గసాభా (రేటు అ) (రేటు ఆ))))
        (అనుకో ((గు-అ (భాగఫలం (రేటు ఆ) గ))
               (గు-ఆ (భాగఫలం (రేటు అ) గ)))
          (జత (గుర్తు (* (టిక్కులు అ) గు-అ)
                      (* (టిక్కులు ఆ) గు-ఆ))
              (* (రేటు అ) గు-అ))))))
```

«గుర్తు» చోట కూడిక గానీ తీసివేత గానీ పంపుతాం. 1000, 32768 రేట్లతో నడిపి చూడండి. గ.సా.భా. 8. మొదటిదాన్ని 4096తో, రెండోదాన్ని 125తో గుణించాలి. 1500 × 4096 = 6144000, 49152 × 125 = 6144000. మొత్తం 12288000, కొత్త రేటు 4096000. భాగిస్తే 3 సెకన్లు. ఎక్కడా తోక తెగలేదు.

తీసివేతను «రెండోదాని గుర్తు మార్చి కూడు» అని రాయాలనిపిస్తుంది. వద్దు. 64 బిట్లలో అతి చిన్న రుణ సంఖ్యకు ధన జోడీ లేదు, గుర్తు మార్చడంలోనే పొంగిపోతుంది.

పొంగడం అసలు ప్రమాదం. ఇప్పటి కాలం నానోసెకన్లలో దాదాపు 17 తర్వాత 17 సున్నాలంత పెద్దది. 64 బిట్ల పరిమితి 92 తర్వాత 17 సున్నాలకు కాస్త ఎక్కువ. దాన్ని 4096తో గుణిస్తే గంపలో పట్టదు. సీ భాషలో గుర్తున్న పూర్ణాంకం పొంగితే ఏమవుతుందో ప్రమాణమే చెప్పదు. అందుకే కూడేశాక «మొత్తం మొదటిదాని కంటే చిన్నదయిందా» అని చూసే పాత చిట్కా పనిచేయదు. అలా జరగదనే నమ్మకంతో కంపైలర్ ఆ తనిఖీనే కొట్టేయవచ్చు. జీసీసీ, క్లాంగ్ అనే సీ కంపైలర్లు రెండింటిలోనూ పొంగిందా లేదా చెప్పే బిల్టిన్ కూడిక, గుణకారం ఉన్నాయి. సీ23 ప్రమాణంలోనూ వాటికి సాటివి చేరాయి. వాటితో ప్రయత్నించి, పొంగితేనే బిగ్‌నమ్‌కు పోండి. చెత్త సేకరణలో (వాడని మెమరీని వెనక్కి తీసుకునే పనిలో) వస్తువులను కదిలించే ఇంటర్‌ప్రెటర్ అయితే, ఫలితానికి చోటు అడిగే ముందు రెండు ఇన్‌పుట్లనూ రూట్లలో (ఇంకా వాడుకలో ఉన్నవాటి పట్టికలో) నమోదు చేయడం మరవొద్దు.

ఫలితాన్ని కుదించాలా? (3000 . 1000)ను (3 . 1) చేయడం అందంగానే ఉంటుంది గానీ, అది మిల్లీసెకన్ల గడియారం నుంచి వచ్చిందన్న సమాచారం పోతుంది. లాగ్‌లో ఒక వరుస మూడు దశాంశాలతో, తర్వాతి వరుస దశాంశం లేకుండా పడుతుంది. రేటు వంద కోట్లు దాటే దాకా కుదించకుండా వదిలేయడమే మంచిది. దాటితే అప్పుడు గ.సా.భా.తో కుదించండి. ఇన్‌పుట్ల రేట్లు నాలుగైదు రకాలే అయితే క.సా.గు. ఒకచోట ఆగిపోతుంది, ఎన్నిసార్లు కూడినా పెరగదు. ఫ్లోట్లు కలిస్తేనే పెరుగుతుంది: 0.1ను నానోసెకన్ల కాలానికి కలిపితే కొత్త రేటు 2 యొక్క 55వ ఘాతం × 1953125. ఆ జవాబు సరైనదే, కానీ బిగ్‌నమ్.

5. పోలిక: తీసివేసి గుర్తు చూడొద్దు

«అ లోంచి ఆ తీసెయ్, రుణమైతే చిన్నది» అన్నది పాత కోడ్‌లో తరచూ కనిపిస్తుంది. పని చేస్తుంది గానీ, ప్రతి పోలికకూ ఒక జవాబు తయారుచేసి పారేయాలి, అది బిగ్‌నమ్ కూడా కావచ్చు. పోలికకు అంత అవసరం లేదు. ముందు నిండు సెకన్లు పోల్చండి. అవి వేరైతే పని అయిపోయింది. సమానమైతేనే మిగులును అడ్డంగా గుణించి చూడండి.

```
(నిర్వచించు (కాల-పోలిక అ ఆ)
  (అనుకో ((సె1 (ఫ్లోర్ (టిక్కులు అ) (రేటు అ)))
         (సె2 (ఫ్లోర్ (టిక్కులు ఆ) (రేటు ఆ)))
         (మి1 (ఫ్లోర్-శేషం (టిక్కులు అ) (రేటు అ)))
         (మి2 (ఫ్లోర్-శేషం (టిక్కులు ఆ) (రేటు ఆ))))
    (ఒకవేళ (= సె1 సె2)
        (చిన్నపెద్ద (* మి1 (రేటు ఆ)) (* మి2 (రేటు అ)))
        (చిన్నపెద్ద సె1 సె2))))
```

«చిన్నపెద్ద» రెండు పూర్ణాంకాలు చూసి -1, 0, 1లో ఒకటి ఇస్తుంది. దాని లోపల కూడా తీసివేత వద్దు, < రెండుసార్లు వాడండి. ఇందులో ఉన్న లాభం చూడండి: మిగులు ఎప్పుడూ రేటు కంటే తక్కువ. రెండు రేట్లూ వంద కోట్లకు మించకపోతే ఒక్కో లబ్ధం 1 తర్వాత 18 సున్నాల కంటే తక్కువే ఉంటుంది, 64 బిట్లలో సుఖంగా పడుతుంది. టిక్కులు 64 బిట్లలో, రేట్లు ఆ వంద కోట్ల లోపల ఉన్నంతవరకు పోలికకు బిగ్‌నమ్ అక్కరే రాదు. తీసివేత దారిలో ఇదే జత పొంగిపోయేది.

ఒకటే మెలిక: ఫ్లోర్ నిజమైన ఫ్లోర్ అయి ఉండాలి. సీ99 నుంచి పూర్ణాంక భాగహారం సున్నా వైపు కత్తిరిస్తుంది. -1 ÷ 1000కు 0 వస్తుంది, శేషం -1. మనకు కావాల్సింది సెకను -1, మిగులు 999. శేషం రుణమైతే భాగఫలంలోంచి ఒకటి తీసి, శేషానికి రేటు కలపండి. ఈ రెండింటిలో ఒకటి చేసి ఇంకోటి మరిస్తే 1970కి ముందు తేదీలు, రుణ వ్యవధులు మాత్రమే తప్పుతాయి, మిగతావన్నీ బాగుంటాయి. అందుకే ఆ బగ్గు ఏళ్లకేళ్లు బయటపడదు.

రెండు ఇన్‌పుట్లూ ఒకే వస్తువైతే డీకోడ్ చేయకుండానే సమానం అనాలనిపిస్తుంది. వేగానికి బాగుంటుంది, కానీ అప్పుడు నాన్‌ను నాన్‌తో పోలిస్తే ఎర్రర్ రాదు. కాబట్టి ఆ అడ్డదారిని «ఇప్పుడు»కు, చిన్న పూర్ణాంకాలకు మాత్రమే పెట్టండి.

చిన్నదా, సమానమా అన్న ఫంక్షన్లు ఇక ఒక్కో వరుస: పోలిక -1 అయితే చిన్నది, 0 అయితే సమానం. పాత కోడ్‌లో ఈ రెండూ వేర్వేరుగా రాసి ఉంటే తప్పకుండా ఎక్కడో విభేదిస్తాయి. రెండూ ఒకే మూలం నుంచి వస్తే విభేదించడానికి వీలే లేదు.

హ్యాష్ టేబుల్ సంగతి వేరు. (1 . 1), (1000 . 1000) కాలంగా సమానమే గానీ, మామూలు సమానత ఫంక్షన్ కంటికి వేరు. కాలాన్ని టేబుల్‌లో కీగా వాడాలంటే ముందు పూర్తిగా కుదించిన రూపం ఇచ్చే చిన్న ఫంక్షన్ పెట్టండి. కుదింపు నిజంగా కావాల్సింది అక్కడే.

6. బయటికి పోయేటప్పుడు

పాత జాబితా రూపం, సెకన్లు, ఫ్లోట్ ఏది కావాలన్నా చివర్లో ఒక మార్పిడి ఫంక్షన్ ఇస్తుంది. రేటు తగ్గించేటప్పుడు రౌండ్ చేయకండి, ఫ్లోర్ చేయండి. 10:59:59.7ను రౌండ్ చేస్తే 11:00:00 అవుతుంది, ఇంకా జరగని క్షణం లాగ్‌లోకి ఎక్కుతుంది. ఫ్లోట్‌గా ఇస్తే ఎంత పోతుందో తెలుసుకుని ఇవ్వండి: 1700000000 సెకన్ల దగ్గర పక్కపక్క ఫ్లోట్ల మధ్య దూరం దాదాపు 238 నానోసెకన్లు.

7. రోజు, గంట ఈ కోడ్‌లోకి రానివ్వొద్దు

టిక్కుల లెక్కలో టైమ్ జోన్ ఉండకూడదు. మన టైము యూటీసీ కంటే 19800 సెకన్లు ముందు, వేసవి మార్పులు లేవు, కాబట్టి ఎక్కడో ఒకచోట కలిపేస్తే అయిపోతుందని అనిపిస్తుంది. ఆ ఒకచోట ఎప్పుడూ క్యాలెండర్ మార్పిడిలోనే ఉండాలి. 1700000000 అంటే 2023 నవంబరు 15, మన టైములో తెల్లవారుజాము 3:43:20. దాన్ని 19800 కలపకుండా 86400తో భాగిస్తే 14వ తారీకులో పడుతుంది. అలా చేసిన కంట్రోలర్‌లో రోజు మారేది అర్ధరాత్రి కాదు, పొద్దున 5:30కి. తెల్లారగట్ల 4 నుంచి 7 దాకా నడిచిన మోటర్ గంటలు రెండు రోజుల ఖాతాల్లోకి చీలిపోతాయి, నీళ్ల లెక్క తేలదు.

గంటలను గంటల్లోంచి తీసేయడం ఇంకో తప్పు. రాత్రి 11:40కి వేసిన మోటర్ తెల్లారి 4:10కి బంద్ అయితే, గడియారపు అంకెలు తీసివేస్తే రుణం వస్తుంది. టిక్కులు తీసివేస్తే 16200 సెకన్లు, నాలుగున్నర గంటలు.

8. ఏ గడియారం?

లెక్క ఎంత సరిగ్గా ఉన్నా, గడియారమే దూకితే ఫలితం దూకుతుంది. «కరెంటు వచ్చాక 90 సెకన్లు ఆగు» అన్న నియమానికి గోడ గడియారం వాడొద్దు. బోర్డులోని బటన్ సెల్లు అయిపోయిందంటే కరెంటు రాగానే గడియారం 1970 నుంచి మొదలవుతుంది. కాసేపటికి నెట్‌వర్క్ నుంచి అసలు టైము అందగానే యాభై ఏళ్లు ముందుకు దూకుతుంది. అప్పుడు తొంభై సెకన్లు గడిచాయా అని అడిగితే వెంటనే అవును అంటుంది. మూడు ఫేజులూ నిలకడకు రాకముందే మోటర్ లేస్తుంది. వ్యవధులకు పోజిక్స్ (యునిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం)లోని మోనోటోనిక్ గడియారం వాడండి, అది వెనక్కి పోదు, అలా దూకదు.

రెండు గడియారాల విలువలూ లోపల ఒకే రకం జతలు కాబట్టి, ఒకదాంతో ఒకటి పోల్చకుండా ఈ కోడ్ ఆపలేదు. పేర్లలోనే తేడా పెట్టండి, «గోడ-కాలం», «నడక-కాలం» లాగా. వీలైతే మోనోటోనిక్ విలువను వేరే రకంగా చుట్టి, డీకోడర్ దాన్ని మామూలు కాలంతో కలపనివ్వకుండా చేయండి.

9. మార్చే క్రమం

అన్నీ ఒకేసారి పీకేయొద్దు. మొదట డీకోడర్ రాసి, పాత నాలుగు ఫంక్షన్ల ముందు తనిఖీగా మాత్రమే పెట్టండి. తర్వాత పోలికను మార్చండి, దాని జవాబులు మూడే కాబట్టి పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన నడిపి తేడాలు పట్టుకోవడం తేలిక. పాత లాగ్‌లోని కాలాలన్నిటినీ జతలు జతలుగా రెండింటికీ ఇచ్చి, వేరొచ్చిన ప్రతి జతనూ కాగితం మీద లెక్కేసి చూడండి. తేడాలు ఎక్కువగా ఫ్లోట్ ఉన్న చోట, రుణ కాలం ఉన్న చోట బయటపడతాయి. ఆ తర్వాతే కూడిక, తీసివేత మార్చండి. ఫలితం రూపం మారుతుంది కాబట్టి అక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి: (పైభాగం కిందిభాగం) జాబితా వస్తుందని నమ్మి దాని మొదటి అంశాన్ని నేరుగా తీసుకునే నియమాలు ఎక్కడో ఉంటాయి. వాటిని వెతికి మార్పిడి ఫంక్షన్ గుండా పోయేలా చేసేదాకా పాత జాబితా రూపాన్నే ఇచ్చే ఒక స్విచ్ ఉంచండి. చివరి నియమం మారాక స్విచ్‌నూ, పాత దారులనూ ఒకే మార్పులో తీసేయండి.